భార్యకు పౌరసత్వం: ఏడేళ్లు అంటే పెళ్లయి ఏడేళ్లు కాదు

ప్రశ్న: మాది కడప. కువైట్‌లో డ్రైవరుగా ఉన్నప్పుడు ఫిలిప్పీన్స్ అమ్మాయిని పెళ్లి చేసుకున్నాను. 2018 జూన్ 20న ఎంట్రీ వీసా మీద ఆమెను కడపకు తీసుకొచ్చాను. 2019లో ఐదు నెలలు పుట్టింటికి వెళ్లొచ్చింది. 2022-23లో పది నెలలు ఇద్దరం మళ్లీ కువైట్‌లో ఉన్నాం. పోయినసారి నలభై రోజులు మనీలాలో ఉండి 2025 నవంబర్ 20న తిరిగొచ్చింది. మా పాప 2020లో కడపలోనే పుట్టింది. ఆమెకు మన దేశ పౌరసత్వం రావాలంటే ఒకరు పన్నెండేళ్లు అంటున్నారు, ఒకరు ఏడేళ్లు చాలంటున్నారు, ఇంకొకరు పెళ్లి సర్టిఫికెట్ ఉంటే చాలంటున్నారు. ఏది నిజం? ఎప్పుడు అప్లై చేయాలి?
– ఒక పాఠకుడు, కడప

జవాబు: పన్నెండేళ్ల మాట అబద్ధం కాదు గానీ అది మీ ఆవిడకు వర్తించేది కాదు. పౌరసత్వ చట్టం, 1955లో సెక్షన్ 6 కింద ఇక్కడ ఏ బంధుత్వమూ లేని విదేశీయులు అడిగే పౌరసత్వానికి ఆ లెక్క. అప్లికేషన్‌కు ముందు ఏడాదంతా ఇక్కడే ఉండాలి, దానికి ముందు పద్నాలుగేళ్లలో మొత్తం పదకొండేళ్లు ఉండాలి, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఒక భాష తగినంత వచ్చి ఉండాలి. తెలుగు వస్తే సరిపోతుంది, హిందీయే రావాలని లేదు.

భారతీయుడిని పెళ్లాడినవారికి సెక్షన్ 5(1)(సి) ఉంది. దీనికి భాష నిబంధన లేదు. ఏడేళ్లు మామూలుగా ఇక్కడ నివసించి ఉండాలి. ఈ ఏడేళ్లను చట్టమే రెండు ముక్కలు చేసింది: అప్లై చేసే రోజుకు ముందు పన్నెండు నెలలు ఇక్కడే ఉండాలి, ఆ పన్నెండు నెలలకు ముందున్న ఎనిమిదేళ్లలో మొత్తం ఆరేళ్లు తగ్గకుండా ఉండాలి. పెళ్లి తేదీకి ఈ లెక్కలో చోటు లేదు. పాస్‌పోర్టులోని రాక, పోక ముద్రలే సాక్ష్యం.

మీ లెక్క చూద్దాం. ఆమె ఆఖరున వచ్చింది 2025 నవంబర్ 20న. అప్పటినుంచి దేశం దాటకుండా ఉంటే పన్నెండు నెలలు 2026 నవంబర్ 20కి పూర్తవుతాయి. కేంద్ర ప్రభుత్వం ప్రత్యేక కారణాలుంటే ఈ ఏడాదిలో ముప్పై రోజుల దాకా మినహాయించవచ్చు, అది విడివిడి రోజులైనా సరే. మీ ఆవిడ పోయినసారి ప్రయాణం నలభై రోజులు, అందులో ఇమడదు. ఇక ఎనిమిదేళ్ల లెక్క. అది 2017 నవంబర్ 20 నుంచి 2025 నవంబర్ 20 దాకా; ఆమె వచ్చింది 2018 జూన్‌లో. 2018 జూన్ 20 నుంచి 2025 నవంబర్ 20 దాకా ఎనభైతొమ్మిది నెలలు. ఐదు, పది నెలలు, నలభై రోజులు తీసేస్తే మిగిలేది డెబ్భైరెండు నెలల ఇరవై రోజులు. కావలసింది డెబ్భైరెండు నెలలు. అంటే మిగులు ఇరవై రోజులే. మీరు 'ఐదు నెలలు', 'పది నెలలు' అని గుండుగుత్తగా రాశారు. ముద్రల ప్రకారం ఒకటి ఐదు నెలల పదిహేను రోజులు, రెండోది పది నెలల పది రోజులు అయితే అప్లికేషన్ తిరస్కరించడానికి అదే చాలు. అందుకే 2026 నవంబర్‌లో పరుగెత్తవద్దు, 2027 మార్చి దాకా ఆగండి. అప్పటికి ఎనిమిదేళ్ల లెక్క మొదలయ్యే తేదీ 2018 మార్చికి జరుగుతుంది. ఆమె రాకముందు ఖాళీగా పోయిన నెలలు తగ్గి, ఇక్కడ గడిపిన నెలలు కలుస్తాయి. మిగులు ఇరవై రోజులు కాస్తా నాలుగు నెలలు దాటుతుంది. ఈలోగా ఎవరి పెళ్లికీ, ఎవరి చావుకూ ఆమె విమానం ఎక్కకూడదు. కష్టమే, కానీ లెక్క అంతే.

రాకపోకలు ఆపలేం, మళ్లీ కువైట్ వెళ్లాల్సిందే అనుకుంటే వేరే దారి ఉంది. పెళ్లి రిజిస్టరై రెండేళ్లు నిలిచి ఉంటే ఆమెకు ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు అడగవచ్చు. కార్డు వచ్చిన ఐదేళ్లకు, అప్లికేషన్‌కు ముందు పన్నెండు నెలలు ఇక్కడ ఉంటే, సెక్షన్ 5(1)(జి) కింద పౌరసత్వం అడగవచ్చు. ఈ దారిలో ఆరేళ్ల లెక్క లేదు. ఓసీఐ పౌరసత్వం కాదు: ఓటు ఉండదు, పొలం కొనడానికి వీల్లేదు, విడాకులైతే కార్డు రద్దవుతుంది. మీకు 5(1)(సి)యే దగ్గర దారి.

పెళ్లి కాగితం దగ్గరే చాలా ఫైళ్లు ఇరుక్కుంటాయి. కువైట్‌లో జరిగిన పెళ్లికి అక్కడి సర్టిఫికెట్ మీద కువైట్ విదేశాంగ శాఖ, మన రాయబార కార్యాలయం అటెస్టేషన్ ఉండాలి. అరబీలో ఉంటే ఇంగ్లీషు అనువాదం జతచేయాలి. ఈ అటెస్టేషన్ కడపలో కూర్చుని చేయించడం తలనొప్పి. ఇప్పుడే కదిలించండి. మీ పాస్‌పోర్టు లేదా జనన ధ్రువపత్రం, ఆమె పాస్‌పోర్టు, చెల్లుబాటులో ఉన్న వీసా లేదా నివాస అనుమతి కూడా కావాలి. పేరు స్పెల్లింగ్ అన్నింట్లో ఒకేలా ఉండాలి.

కేంద్ర హోంశాఖ పౌరసత్వ పోర్టల్‌లో ఫారం-3 నింపి, కాగితాలు అప్‌లోడ్ చేసి, ప్రింటు తీసి కడప కలెక్టరేట్‌లో ఇవ్వాలి. తీసుకున్నట్టు ముద్ర వేయించుకోండి. కలెక్టర్ అరవై రోజుల్లో నివేదికతో రాష్ట్ర ప్రభుత్వానికి పంపాలి, రాష్ట్రం ముప్పై రోజుల్లో ఢిల్లీకి పంపాలి. మధ్యలో పోలీసు విచారణ ఉంటుంది; ఇరుగుపొరుగును అడుగుతారు. ఢిల్లీలో నిర్ణయానికి మాత్రం గడువు లేదు, కాబట్టి ఏడాది దాటుతుందనే అనుకోండి. కదలకపోతే సమాచార హక్కు దరఖాస్తు మీ పేరుతో పెట్టండి, ఆ హక్కు పౌరులకే గనుక ఆమె పేరుతో పనికిరాదు. దానికీ కదలకపోతే హైకోర్టులో రిట్ వేయవచ్చు, అయితే కోర్టు 'త్వరగా తేల్చండి' అంటుందే తప్ప పౌరసత్వం ఇవ్వదు.

అప్లికేషన్ పెండింగులో ఉండగా వీసా గడువు మరిచిపోకండి. పొడిగించకుండా గడువు దాటి ఒక్కరోజు ఉన్నా చట్టం దృష్టిలో ఆమె అక్రమ వలసదారు కింద పడే ప్రమాదం ఉంది, వారికి 5(1) వర్తించదు. గడువుకు ముందే విదేశీయుల నమోదు కార్యాలయం వారి ఇ-ఎఫ్ఆర్ఆర్ఓ పోర్టల్‌లో పొడిగింపు పెట్టండి. కడపలో ఇల్లు మారినా అక్కడే చెప్పాలి, ఎందుకంటే పోలీసు విచారణ పాత చిరునామాకు వెళ్తే నివేదిక తేడాగా వస్తుంది.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. ఆధార్ గుర్తింపుకు రుజువు, పౌరసత్వానికి కాదు; ఉంటే ఇబ్బంది లేదు. ఓటరు కార్డు మాత్రం వద్దు. ఇంటింటి సర్వేలో ఎవరో పేరు రాసుకుపోయి ఉంటే, ఓటర్ల జాబితా నుంచి పేరు తీసేందుకు ఉన్న ఫారం-7తో ఇప్పుడే తీయించండి. తప్పుడు ప్రకటన మీద ఏడాది దాకా జైలు ఉంది, పైగా పౌరసత్వ విచారణలో ఇది మొదట బయటపడుతుంది. పౌరసత్వ అప్లికేషన్‌లోనే అబద్ధం చెబితే ఐదేళ్ల దాకా జైలు.

ఫిలిప్పీన్స్ పౌరసత్వం ఇప్పుడే వదులుకోవద్దు. హోంశాఖ నుంచి అంగీకార లేఖ వచ్చాకే ఢిల్లీలోని వారి రాయబార కార్యాలయంలో ఆ పని చేయించి రుజువు పంపాలి. ముందే వదిలేస్తే ఏ దేశానికీ చెందని మనిషిగా మిగిలిపోతుంది. తర్వాత వారి దేశ చట్టం పాత పౌరసత్వం తిరిగి తీసుకోనిస్తుంది కదా అని తీసుకుంటే, మన సెక్షన్ 9 ప్రకారం ఇక్కడిది పోతుంది.

మీ పాప సంగతికి దిగులు లేదు. మీరు భారతీయులు, పుట్టినప్పుడు తల్లికి చెల్లుబాటయ్యే వీసా ఉంటే పాప పుట్టుకతోనే భారతీయురాలు. తల్లి అప్లికేషన్ ఏమైనా అది మారదు.

పౌరసత్వం వచ్చాక మళ్లీ కుటుంబంతో కువైట్ వెళ్తే, అక్కడ మన రాయబార కార్యాలయంలో ఆమె ఏటా పేరు నమోదు చేసుకోవాలి. అది లేకుండా వరుసగా ఏడేళ్లు బయటే ఉంటే సెక్షన్ 10 కింద పౌరసత్వం రద్దు చేయడానికి ప్రభుత్వానికి వీలుంటుంది.