మన్యం భూములు ఎవరివని అడిగే అమ్మాయికి ఏ చదువు?

ప్రశ్న: మాది గాజువాక. మా పాప ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ. మార్కులు బాగానే వస్తాయి. సెలవొస్తే చాలు, ద్వారకానగర్ పౌర గ్రంథాలయానికి వెళ్లిపోతుంది. చరిత్ర, సామాజిక న్యాయం, గొప్పవాళ్ల జీవితాలు, ఎప్పుడూ అవే పుస్తకాలు. మొన్న అల్లూరి గురించి చదివొచ్చి ‘మరి మన్యం భూములు ఇప్పుడెవరివి నాన్నా?’ అని అడిగింది. ‘ఎంసెట్‌లో ఆ ప్రశ్న రాదు’ అని ఆయన కసిరారు. ఇంజనీరింగ్ వద్దు, బీఏ చేస్తానంటోంది. ఆ చదువుతో బతకగలదా? – ఒక తల్లి, విశాఖపట్నం

జవాబు: బతకగలదమ్మా. కానీ బీఏనా, బీటెకా అని తేల్చే ముందు, మీ పాప వేసిన ప్రశ్నను ఒకసారి చూడండి. మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించింది అదే.

1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక మన్యంలో పోడు వ్యవసాయానికి అడ్డంకులు మొదలయ్యాయి. ఘాట్ రోడ్ల పనికి గిరిజనులను తోలుకుపోయి సరిగా కూలి కూడా ఇవ్వలేదు. ఆ కడుపుమంటే 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి దాకా వెళ్లింది. కథ 1924లో అల్లూరి మరణంతో ముగిసిందని చాలామంది పుస్తకం మూసేస్తారు. మీ పాప మూయలేదు. స్వాతంత్ర్యం వచ్చాక షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గిరిజనేతరుల చేతికి భూమి పోకుండా చట్టం చేశారు. 1970లో దాన్ని గట్టిపరిచారు, ఏజెన్సీలో అందరూ 1/70 అనేది దాన్నే. తర్వాత మన బొర్రా ప్రాంతంలో ప్రభుత్వం గనులను ప్రైవేటు కంపెనీలకు లీజుకిస్తే, సమత అనే స్వచ్ఛంద సంస్థ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వం కూడా ప్రైవేటు వాళ్లకు అలా లీజు ఇవ్వకూడదని 1997లో తీర్పు వచ్చింది. బొర్రా గుహలు ఇప్పుడున్నది అల్లూరి పేరు పెట్టిన జిల్లాలోనే. మీ పాప అడిగిన దానికి జవాబు వెతికే పని ఆ తీర్పు దగ్గర మొదలుపెట్టాలి. ఇప్పుడూ ఆ పని చేసే లాయర్లు, అధికారులు ఉన్నారు. అది జీతం వచ్చే పనే.

అందుకే ఆమెకు నా మొదటి సలహా ఐదేళ్ల లా కోర్సు. సబ్బవరంలో దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది, మీ ఇంటికి దూరమేమీ కాదు. (దేశంలోనే తొలి దళిత ముఖ్యమంత్రి సంజీవయ్య గారు. ఆయన జీవితం కూడా చదివించండి.) ప్రవేశం క్లాట్ ద్వారా, అంటే జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష. ఇంటర్‌లో ఏ గ్రూపైనా చాలు. పరీక్ష రెండు గంటలు, 120 ప్రశ్నలు. చాలా ప్రశ్నలు పెద్ద పెద్ద పేరాలు చదివి జవాబు గుర్తించేవే. లైబ్రరీలో గంటలు గంటలు కూర్చున్న పిల్లకు అక్కడ కలిసొస్తుంది. లెక్కలూ కొంత ఉంటాయి కాబట్టి ఎంపీసీ వృథా పోదు, ఈ మాట వాళ్ల నాన్నగారికి తప్పక చెప్పండి.

ఒక ఇబ్బంది ఉంది. క్లాట్ ఇంగ్లిష్‌లో ఉంటుంది. ఆమె చదివేవన్నీ తెలుగు పుస్తకాలే అయితే ఈ రోజు నుంచే ఒక ఇంగ్లిష్ దినపత్రిక సంపాదకీయం కూడా చదవాలి. జాతీయ విశ్వవిద్యాలయంలో ఫీజు కూడా తక్కువేం కాదు, ముందే లెక్క వేసుకోండి. ప్రాక్టీసు పెట్టిన తొలి ఏళ్లలో సంపాదన పలచగా ఉంటుంది. జూనియర్ సివిల్ జడ్జి కావాలంటే మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరి అని 2025లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇవన్నీ తెలిసే దిగాలి.

బీఏ చేసి ఆ తర్వాత మూడేళ్ల లా చదివే దారి కూడా ఉంది. దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పొలిటికల్ సైన్స్ చదివారు, తర్వాత మద్రాసులో లా చేశారు, రాజ్యాంగ సభలో కూర్చున్నారు. బీఏ అనగానే బెంగపడే ప్రతి తల్లికీ నేను ఆమె పేరు చెబుతాను.

ఇక సివిల్స్. మెయిన్స్ రెండో జనరల్ స్టడీస్ పేపర్లో సామాజిక న్యాయం ఉంది. నాలుగో పేపర్ సిలబస్‌లో మహా నాయకుల, సంస్కర్తల, పాలనాధికారుల జీవితాల నుంచి నేర్చుకోవాల్సినవి అనే అంశమే ఉంది. గ్రూప్-2 మెయిన్స్ మొదటి పేపరు ఆంధ్రప్రదేశ్ సామాజిక, సాంస్కృతిక చరిత్ర, రాజ్యాంగం. ఆమె ఇష్టంగా చదివేవే ఇవన్నీ. అయినా దీని ఒక్కదాని మీదే జీవితం పెట్టనివ్వకండి. పోస్టులు కొద్ది, ఎదురుచూపులు ఏళ్లు. చేతిలో ఒక వృత్తి చదువు పెట్టుకుని రాయడం మేలు.

పురావస్తు శాఖ, ఎంఎస్‌డబ్ల్యూ (సామాజిక సేవలో పీజీ), లైబ్రరీ సైన్స్, బీఈడీ చేసి సోషల్ టీచర్ కావడం, ఇవన్నీ డిగ్రీ తర్వాత ఆలోచించొచ్చు. పాత బౌద్ధ ఆరామాల శిథిలాలున్న తొట్లకొండ, బావికొండ తీసుకెళ్లి చూపించండి. అక్కడి ఇటుకల దగ్గర ఆగిపోయి కదలకపోతే అప్పుడు పురావస్తు శాస్త్రం మాట్లాడుకుందాం.

ఆమె చదువులో ఒక్క మార్పు కోరతాను. చదివిన ప్రతి పుస్తకానికీ ఒక పేజీ రాయాలి: ఆ మనిషి తీసుకున్న ఏ నిర్ణయం కష్టమైనది, ఎవరు ఎదిరించారు, ఆ తర్వాత చట్టంలో ఏం మారింది. జీవిత చరిత్రలు ఎక్కువగా పొగడ్తతో నిండి ఉంటాయి. ఈ మూడూ వెతుక్కుంటూ చదివితే పొగడ్త పక్కకు పోయి విషయం చేతికొస్తుంది.

నాన్నగారిని తప్పుబట్టకండి. ఆయన భయం ఉద్యోగం గురించి, ఆ భయం న్యాయమైనదే. పాత క్లాట్ ప్రశ్నపత్రం ఒకటి ప్రింట్ తీసి, ఒక ఆదివారం రెండు గంటలు గడియారం పెట్టి ఆమె చేత రాయించండి. ఆయన్నే దిద్దమనండి. ఆ మార్కులు చూశాక ముగ్గురూ కలిసి రండి, క్లాట్ జరిగే సెకండియర్ డిసెంబరు దాకా ఏ నెలలో ఏం చదవాలో కూర్చుని రాసుకుందాం.