కుండ నడిచిందా, మనిషి నడిచాడా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు పాత ఎముకల గురించే ఉన్నాయి. పదకొండేళ్లు పురాతన డీఎన్ఏ ల్యాబ్‌లో పనిచేశాను. ఈ ప్రశ్నలు నాకు చాలా ఇష్టమైనవి. అందుకే మిగతా విషయాలు వచ్చే సంచికకు వాయిదా వేసి, వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: వేల ఏళ్ల నాటి ఎముకలో డీఎన్ఏ దొరికిందే అనుకుందాం. ఆ మనిషి ఎక్కడి నుంచి వచ్చాడో అందులో రాసి ఉండదు కదా! మరి వలసల సంగతి ఎలా చెబుతున్నారు?
– ఒక రిటైర్డ్ చరిత్ర ఉపాధ్యాయుడు

మాస్టారూ, మీరన్నది నిజం. డీఎన్ఏలో ఊరి పేరు ఉండదు. ఒక్క ఎముకను పట్టుకుని వలస గురించి చెప్పడం కుదరదు కూడా. ఒకే ప్రాంతంలో ముందు బతికినవాళ్లు, తర్వాత బతికినవాళ్లు, ఇద్దరి ఎముకలూ కావాలి. చుట్టుపక్కల దేశాల్లో ఆ కాలంలో ఉన్నవాళ్లవీ కావాలి. మన జన్యువుల్లో దాదాపు 300 కోట్ల రసాయన అక్షరాలుంటే (ఏ, సి, జి, టి అనే నాలుగే మళ్లీ మళ్లీ వస్తాయి), వాటిలో మనిషికీ మనిషికీ తేడా వచ్చే చోట్లు సుమారు 12 లక్షలు ఎంచుకుని చదువుతాం. ఒక్క చోటి తేడాతో ఏమీ తేలదు. లక్షల చోట్ల కలిపి చూస్తే పోలికలు బయటపడతాయి. తర్వాతివాళ్లలో ముందువాళ్ల పోలిక కనిపిస్తే అదే సంతతి కొనసాగిందని అర్థం. కనిపించకపోతే, ఆ కొత్త పోలిక అంతకుముందు ఎక్కడి ఎముకల్లో ఉందో వెతుకుతూ పోతాం.

నన్ను బాగా కదిలించిన ఉదాహరణ ఒకటి చెబుతాను. దాదాపు నాలుగున్నర వేల ఏళ్ల కిందట యూరప్‌లో తిరగేసిన గంట ఆకారంలో ఉండే మట్టి పాత్రలు వ్యాపించాయి. వాటిని బెల్ బీకర్లు అంటారు. చచ్చిపోయినవాళ్ల పక్కన వీటిని పెట్టి పూడ్చేవారు. ఈ కుండల్ని తెచ్చినవాళ్లు ఒకే జాతివాళ్లా, లేక కుండ చేసే పద్ధతి మాత్రమే ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నారా అని పురావస్తు శాస్త్రవేత్తలు వందేళ్లు వాదించుకున్నారు. 2018లో దాదాపు 400 మంది ప్రాచీన యూరోపియన్ల డీఎన్ఏ ఫలితాలు వచ్చాయి. స్పెయిన్, పోర్చుగల్‌ల్లో ఈ కుండలతో పూడ్చినవాళ్లకూ, మధ్య యూరప్‌లో పూడ్చినవాళ్లకూ జన్యుపరంగా పెద్ద పోలిక లేదు. అంటే అక్కడ నడిచింది కుండ. బ్రిటన్‌లో మాత్రం కథ వేరు. కుండలతోపాటు మనుషులూ వచ్చారు. కొన్ని వందల ఏళ్లలో అక్కడి జన్యువుల్లో దాదాపు 90 శాతం మారిపోయాయి. స్టోన్‌హెంజ్‌లో పెద్ద పెద్ద రాళ్లు నిలబెట్టిన రైతుల పోలిక తర్వాతి తరాల్లో చాలా కొద్దిగా మిగిలింది.

ఎలా మారిపోయాయంటారా? యుద్ధమా, అంటువ్యాధా, నెమ్మదిగా జరిగిన మార్పా అనేది ఈ అంకెల్లో లేదు. 90 శాతం అనగానే కత్తులు ఊహించుకోవద్దని అడిగినవాళ్లందరికీ చెబుతుంటాను.

ప్రశ్న: తవ్వినవాళ్ల డీఎన్ఏ, ల్యాబ్‌లో పనిచేసేవాళ్ల డీఎన్ఏ ఎముకకు అంటుకోదా మేడమ్?
– తొమ్మిదో తరగతి విద్యార్థిని

అంటుకుంటుందమ్మా. నువ్వడిగిన భయంతోనే మేం రోజూ పనిచేస్తాం. ఒంటి నిండా సూట్, రెండు జతల గ్లవ్స్, మాస్క్ వేసుకుంటాం. బల్లల్ని బ్లీచ్‌తో తుడుస్తాం. రాత్రిళ్లు గదిలో అతినీలలోహిత దీపాలు వెలుగుతాయి. ఎముక ఉన్న ప్రతి విడతలో ఎముక పొడి వేయకుండా రసాయనాలు మాత్రమే వేసిన ట్యూబ్ ఒకటి కూడా పెడతాం. దాన్ని 'బ్లాంక్' అంటాం. అందులో డీఎన్ఏ ఏమీ రాకూడదు. నేను చేరిన రెండో ఏడాది నా బ్లాంక్‌లో మనిషి డీఎన్ఏ వచ్చింది. ఏదో ఒక రసాయనం కలుషితమైందన్నమాట. ఆ మూడు నెలల ఫలితాలన్నీ పక్కన పడేశాం. అవి మళ్లీ చేయలేని నమూనాలు కావడంతో నాకు చాలా రోజులు నిద్ర పట్టలేదు.

అయితే పాత డీఎన్ఏ తన వయసు తానే చెప్పుకుంటుంది. మనిషి చనిపోయాక ఆ పోగు తెగి చిన్న చిన్న ముక్కలవుతుంది. చాలా ముక్కల్లో వంద అక్షరాలు కూడా ఉండవు. ముక్కల చివర్లలో 'సి' అనే అక్షరం పాడై, మిషన్‌కు 'టి' లాగా కనిపిస్తుంది. నిన్న మొన్న అంటుకున్న నీ డీఎన్ఏలోనో నా డీఎన్ఏలోనో ఈ దెబ్బలు ఉండవు. మామూలుగా పాడైన వస్తువంటే విసుక్కుంటాం. ఇక్కడ ఆ పాడైన గుర్తే మాకు సాక్షి.

ప్రశ్న: యూరప్‌లో వేల నమూనాలు దొరికాయంటారు. హర్యానాలోని సింధు నాగరికత నగరం రాఖీగఢీలో ఒక్కటే దొరికిందేమిటి?
– ఒక పాఠకుడు

ఎండ, తేమ. ఈ రెండూ కలిస్తే డీఎన్ఏకు అంతకంటే శత్రువు లేదు. చల్లటి గుహలో నిలిచినంత కాలం వేడి నేలలో నిలవదు. రాఖీగఢీలో 61 నమూనాలు ప్రయత్నిస్తే పనికొచ్చేలా డీఎన్ఏ దొరికింది ఒక్క స్త్రీ ఎముకలోనే. అది లోపలి చెవిని చుట్టి ఉండే 'పెట్రస్' ఎముక. శరీరంలో అంత గట్టి ఎముక ఇంకొకటి లేదు. అందులోంచి వందకు పైగా విడతలు డీఎన్ఏ తీసి, కలిపితే గానీ ఆవిడ జన్యుచిత్రం కొంతైనా ఏర్పడలేదు. 2019లో ఫలితం ప్రకటించారు.

ఆవిడలో రెండు పాయలున్నాయి. ఒకటి దక్షిణాసియా వేటగాళ్లది, ఇంకొకటి ప్రాచీన ఇరాన్ జనానికి దూరపు బంధువులది. యూరేషియా గడ్డిమైదానాల పశుపాలకుల పాయ కనబడలేదు. అది దక్షిణాసియాకు క్రీ.పూ. 2000 – 1500 మధ్య చేరిందని అదే ఏడాది వెలువడిన మరో పెద్ద అధ్యయనం చెప్పింది. ఒక్క మనిషితో నాగరికత మొత్తాన్ని ఎలా చెబుతారని మీరడగొచ్చు. అడగాల్సిన ప్రశ్నే. తుర్క్‌మెనిస్తాన్‌లోని గోనూర్, ఇరాన్‌లోని షహ్రే సోఖ్తాల్లో చుట్టూ ఉన్నవాళ్లతో పోలిక కలవని 11 మంది అస్థిపంజరాలు దొరికాయి. వాళ్ల జన్యుచిత్రం ఈవిడదానిలాగే ఉంది. సింధు ప్రాంతం నుంచి అంత దూరం వెళ్లి అక్కడే చనిపోయినవాళ్లు అయ్యుండాలి. ఆ 11 మంది తోడు లేకుంటే ఈ ఒక్క ఎముక మాటకు ఇంత బలం ఉండేది కాదని నా అభిప్రాయం.

ఆవిడ ఏ భాష మాట్లాడేది అని చాలామంది కోపంగా కూడా రాశారు. డీఎన్ఏకు భాష ఉండదు. కుండ లాగే భాష కూడా మనిషిని వదిలి ప్రయాణం చేయగలదు.

ప్రశ్న: వలస వచ్చింది ఆ మనిషేనా, వాళ్ల తాతలా అన్నది తెలుస్తుందా?
– పేరు రాయని పాఠకురాలు

డీఎన్ఏతో కష్టం, పంటితో తెలుస్తుంది. చిన్నప్పుడు తాగిన నీటి రసాయన గుర్తు పంటి ఎనామెల్‌లో ఉండిపోతుంది. స్టోన్‌హెంజ్ దగ్గర 2002లో దొరికిన ఒక విలుకాడి పళ్లు, అతను ఆల్ప్స్ పర్వత ప్రాంతంలో పెరిగాడని సూచించాయి.

ప్రశ్న: చనిపోయినవారి ఎముకను పొడి చేయడం తప్పు అనిపించదా?
– ఒక పాఠకుడు

అనిపిస్తుంది. డ్రిల్ తిరుగుతున్నప్పుడు పన్ను అరగదీసినట్టు ఒక వాసన వస్తుంది. వేడికి డీఎన్ఏ పాడవకూడదని నెమ్మదిగా తిప్పుతాం కాబట్టి ఆ వాసన చాలాసేపు ఉంటుంది. నేను ప్రతిసారీ ముందు ఎముకను అన్ని వైపులా ఫొటో తీసి, కొలిచి, వీలైనంత తక్కువ తీసుకునేదాన్ని. ఆ మనిషికి వారసులమని చెప్పేవాళ్లు ఉంటే ముందు వాళ్లను అడగాలి.

అమెరికాలో 1996లో కొలంబియా నది ఒడ్డున కెన్నివిక్ దగ్గర దాదాపు 8,500 ఏళ్ల నాటి అస్థిపంజరం దొరికింది. ఆయన మా పూర్వీకుడు, మట్టిలో పెడతాం ఇవ్వండని అక్కడి ఆదివాసులు అడిగారు. పుర్రె ఆకారం వాళ్లలా లేదని కొందరు శాస్త్రవేత్తలు కోర్టుకు వెళ్లారు. 2015లో డీఎన్ఏ చదివితే, ఆదివాసులు చెప్పిందే నిజమైంది. 2017 ఫిబ్రవరిలో అయిదు తెగలవాళ్లు 200 మందికి పైగా చేరి, ఎవరికీ తెలియని చోట ఆయనను పూడ్చిపెట్టారు.