కుందేలు కొలతలు, మాంసం దిగుబడి

ప్రశ్న: ఏడాదిగా న్యూజిలాండ్ వైట్, సోవియట్ చించిల్లా కుందేళ్లను పెంచుతున్నాను. ఒళ్లు పొడవుగా, చెవులు పెద్దవిగా ఉన్నవే ఎక్కువ మాంసం ఇస్తాయని, ఫ్లెమిష్ జెయింట్ అనే భారీ జాతి మగదాన్ని తెచ్చుకోమని నాకు కుందేలు పిల్లలను అమ్మినవారు చెబుతున్నారు. టేపుతో కొలిచి జాతిని ఎంచుకోవచ్చా?
– ఒక పాఠకుడు, రాజాం, విజయనగరం జిల్లా

జవాబు: ముందుగా చెవులను లెక్కలోంచి తీసివేయండి. కుందేలు ఒంటి వేడిని వాటి ద్వారా బయటికి పంపుకుంటుంది తప్ప, వాటి పొడవుకూ మాంసానికీ సంబంధం లేదు. ఒంటి పొడవు కొంత చెబుతుంది గానీ, బరువుతో బాగా పొంతన కుదిరేది ముందుకాళ్ల వెనుక తీసిన ఛాతీ చుట్టుకొలతే. కుందేలును గోనెపట్టా పరిచిన బల్లమీద కుదురుగా కూర్చోబెట్టి, దర్జీ టేపును బొచ్చు అణిగేంత బిగువుగా చుట్టాలి. చించిల్లాకు బొచ్చు దట్టం కనుక టేపు వదులుగా పట్టుకుంటే లేని కండ ఉన్నట్టు కనిపిస్తుంది.

అయితే చుట్టుకొలత చెప్పేది బరువును. ఆ బరువులో కండ ఎంత, ఎముక ఎంత అన్నది కాదు. విలువైన మాంసం నడుములోనూ వెనుక తొడల్లోనూ ఉంటుంది కాబట్టి వెన్నుమీద అరచేయి నిమిరి చూడండి: వెన్నుపూసలు మొనదేలి తగిలితే కండ పట్టలేదు, గుండ్రంగా మెత్తగా తగిలితే పట్టింది. న్యూజిలాండ్ వైట్‌ను మాంసానికి ఎంచుకోవడానికి ఈ నడుము నిండుదనం, త్వరగా ఎదిగే గుణం ముఖ్య కారణాలు. చించిల్లాను తొలినుంచీ బొచ్చుకూ మాంసానికీ కలిపి పెంచారు.

ఫ్లెమిష్ జెయింట్ 6 కిలోలు దాటుతుంది, నిజమే. కానీ దాని ఎముక లావు, ఎదుగుదల ఆలస్యం; మీరు అమ్మే 12 వారాల వయసుకు తిన్న దాణాకు తగినంత కండ పట్టదు. పైగా అంత పెద్ద ఒళ్లు మన ఎండలకు తట్టుకోవడం కష్టం. 32 డిగ్రీలు దాటిన వేడి కొనసాగితే ఏ జాతి మగ కుందేలుకైనా వీర్యం దెబ్బతిని వారాల తరబడి చూళ్లు నిలవవు. నన్నడిగితే ఆ ఖర్చు వద్దంటాను.

జాతిని తేల్చేది కోసిన తరువాతి తూకమే. ఒకే వారంలో పుట్టి, ఒకే దాణా తిన్న పిల్లలను రెండు జాతుల నుంచి నాలుగేసి తీసుకుని, మేత పెట్టకముందే తూచండి. కడుపులోని మేత బరువు ఫలితాన్ని తారుమారు చేస్తుంది. 2 కిలోల కుందేలు తల, తోలు, పేగులు పోగా సుమారు కిలో మాంసం ఇస్తుంది. ఆ మాంసంలో నడుము, తొడల వాటాను విడిగా తూచి, కోతకు ముందు తీసిన ఛాతీ కొలత పక్కనే రాసుకోండి.