మట్టి పరీక్షకు రెండేళ్ల చదువా?

ప్రశ్న: మా అమ్మాయి బాపట్లలో బీఎస్సీ అగ్రికల్చర్ చివరి ఏడాది. ఎమ్మెస్సీకి సాయిల్ సైన్స్ తీసుకుంటానంటోంది. మట్టి పరీక్షలకు రెండేళ్ల చదువెందుకు, అగ్రానమీ (పైర్ల సాగు శాస్త్రం) నయం కదా అంటున్నారు బంధువులు. ఏం చేయమంటారు? – ఒక తల్లి, చీరాల

జవాబు: అమ్మా, నేనూ ఆ సబ్జెక్టే చదివాను. థీసిస్ కోసం 60 వరి మడుల్లో మట్టి తీసి జింకు చూశాను. అన్నింట్లోనూ పుష్కలంగా ఉన్నట్టు వచ్చింది. ఆ మడుల్లోనే ఆకులకు తుప్పు రంగు మచ్చలున్నాయి, అది జింకు లోపమే. మా గైడుగారు అంకెలు చూసి, "మట్టి దేంట్లో కలిపావమ్మా?" అన్నారు. జీఐ (గాల్వనైజ్డ్ ఇనుప) బకెట్లో. దాని పూతే జింకు! ప్లాస్టిక్ బకెట్‌తో 60 మడులూ మళ్లీ తిరిగాను. మడికి ఎనిమిది పది చోట్ల, 'వి' ఆకారంలో 15 సెంటీమీటర్ల గుంట తీయాలి. గట్ల పక్కన, చెట్ల కింద, పెంట పోసిన చోట తీయకూడదు. తప్పు నమూనాను ఎంత మంచి ల్యాబూ సరిదిద్దలేదు.

మీ బంధువులకు చౌడు సంగతి చెప్పండి. చౌడు అనగానే జిప్సం వేయమంటారు చాలామంది. కారుచౌడుకు అది సరైన మందే. జిప్సంలోని కాల్షియం మట్టి రేణువులను అంటుకున్న సోడియాన్ని తోసేస్తుంది. తెల్లచౌడులో మాత్రం మంచినీళ్లు పెట్టి ఉప్పును మురుగు కాల్వలోకి కడిగేయాలి, జిప్సంతో పనిలేదు. పీహెచ్ (ఆమ్ల-క్షార గుణం), ఈసీ (కరిగిన ఉప్పు మోతాదు) అంకెలు చూసి ఏది ఏ చౌడో చెప్పలేకపోతే రైతు డబ్బు నేలపాలే. ఆ రెండేళ్లలో నేర్చుకునేది ఇలాంటిదే.

అగ్రానమీ మంచి చదువే. పైరుతోనే రోజంతా గడపాలనుకుంటే అదే తీసుకోవాలి. సాయిల్ సైన్స్‌కు కెమిస్ట్రీ మీద ఇష్టం, బ్యూరెట్ (ద్రావణాన్ని చుక్కచుక్కగా వదిలే గాజు గొట్టం) ముందు ఓపిక కావాలి. సేంద్రియ కర్బనం చూసేటప్పుడు రంగు ఒక్క చుక్కతో ఆకుపచ్చకు తిరుగుతుంది. ఆ చుక్క దాటితే లెక్క తప్పుతుంది. ఎమ్మెస్సీ అయ్యాక కృషి విజ్ఞాన కేంద్రాల్లోనూ ఉద్యోగాలుంటాయి. ఐకార్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) పీజీ ప్రవేశపరీక్ష రాస్తే వేరే రాష్ట్రాల యూనివర్సిటీల్లోనూ సీటు రావచ్చు.

ఈ సెలవుల్లో మీకు తెలిసిన రైతు పొలంలో మీ అమ్మాయిచేతే మట్టి తీయించి పరీక్షకు పంపించండి. రిపోర్టు వచ్చాక ఆ రైతు పక్కన కూర్చుని, ఏ ఎరువు ఎంత తగ్గించాలో తనే వివరించాలి. ఆ సాయంత్రం ఇంటికొచ్చాక ఏ కోర్సు కావాలని అడగండి. తను చెప్పిందే ఖాయం చేయండి.