నీట్ రెండు రౌండ్లు అయిపోయాక కూడా ఎంబీబీఎస్ సీటు మీద ఆశ పెట్టుకోవచ్చా?

"మా బాబుకి స్టేట్ కౌన్సెలింగ్ రెండు రౌండ్లలోనూ సీటు రాలేదు. ర్యాంకు మరీ చెడ్డదేం కాదు, కటాఫ్‌కి కాస్త ఇవతల ఆగిపోయాడు. ఇంకా ఎదురుచూడాలా, మళ్లీ నీట్ రాయడానికి లాంగ్ టర్మ్ కోచింగ్‌లో చేర్చేయాలా?" అని గాజువాక నుంచి ఒకరు అడిగారు.

ఎదురుచూడండి. ఆఖరి సీటు భర్తీ అయిందని తెలిసేదాకా చూడండి. నేను విశాఖ ద్వారకానగర్‌లో ఒక బ్యాంకు బ్రాంచిలో పనిచేస్తాను. కౌన్సెలింగ్ మొదలైందంటే డీడీలకనీ, ఎడ్యుకేషన్ లోన్లకనీ తల్లిదండ్రులు మా దగ్గరికే వస్తారు. పైగా మా అన్నయ్య కూతురు ఆఖరి రౌండ్లోనే సీటు తెచ్చుకుని ఇప్పుడు ఎంబీబీఎస్ చదువుతోంది. ఇన్నేళ్లుగా చూసి నేను తేల్చుకున్నది ఒకటే: చివరి రౌండ్లలో సీటు పోగొట్టుకునేవాళ్లు చాలామంది ర్యాంకు తక్కువై పోగొట్టుకోరు. అప్పటికే మనసు విరిగి, సర్టిఫికెట్లు ఎక్కడో ఇచ్చేసి, డబ్బు ఇంకెక్కడో కట్టేసి పోగొట్టుకుంటారు.

సీట్లు ఆలస్యంగా ఎందుకు పడతాయో చూడండి. మన ఆంధ్ర మెడికల్ కాలేజీలో చేరిన పిల్లాడికి ఆలిండియా కోటాలో ఇంకా మంచిది వస్తే వెళ్లిపోతాడు. ఆ ఖాళీలోకి శ్రీకాకుళం ప్రభుత్వ కాలేజీ పిల్ల వస్తుంది. ఆమె వదిలిన సీటుకి ప్రైవేటు కాలేజీలో కన్వీనర్ కోటా (తక్కువ ఫీజుండే 'ఎ' కేటగిరీ) సీటులో ఉన్నవాడు వెళ్తాడు. పైన ఒక్కరు కదిలితే కింద ముగ్గురు నలుగురు కదులుతారు. మూడో రౌండులో జరిగేది ఎక్కువగా ఈ కదలికే. ఆ తర్వాత వచ్చే స్ట్రే రౌండు దారి వేరు. అలాట్ అయ్యీ చేరకుండా ఉండిపోయినవాళ్ల సీట్లే అందులో ఉంటాయి. కాబట్టి అప్పుడు ఆంధ్ర మెడికల్ కాలేజీ కోసం చూడకండి, 1923 నుంచి ఉన్న కాలేజీ, కేజీహెచ్ లాంటి ఆసుపత్రి చేతిలో ఉన్న కాలేజీ, అక్కడ సీటు మిగలదు. మిగిలేవి దూరపు కాలేజీలు, కొత్త కాలేజీలు, ప్రైవేటు కన్వీనర్ సీట్లు. వాటికి సిద్ధంగా ఉంటే అవకాశం ఉంది. "విశాఖలో అయితేనే" అనుకుంటే లేదు. 2024లో దేశంలో సీట్లు ఇంకా మిగిలిపోయాయని సుప్రీంకోర్టు డిసెంబరు 20న చెప్పి, ప్రత్యేక రౌండు పెట్టి 30వ తేదీలోగా నింపమంది. మే నెలలో రాసిన పరీక్షకి డిసెంబరు ఆఖర్లో సీటు! అప్పటిదాకా ఓపిక పట్టినవాళ్లకే కదా అది దక్కింది.

ఇంకో మాట. పోయినేడు ఎన్ని మార్కులకి వచ్చిందో చూసి నిరాశ పడకండి. 2024లో మొదట 67 మందికి 720కి 720 వచ్చాయన్నారు, మళ్లీ సవరిస్తే 17 మంది మిగిలారు. 2025లో దేశానికే మొదటి ర్యాంకు 686కి వచ్చింది. జనరల్ వాళ్లకి అర్హత మార్కు ఒక ఏడాది 162 అయితే మరుసటి ఏడాది 144. ఈ రెండేళ్ల మార్కుల్ని పక్కపక్కన పెట్టి లెక్క చెప్పేవాళ్లని నమ్మొద్దు. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ఎక్సెల్ షీట్లు సగం ఇలాంటివే. మార్కులు వదిలేసి ర్యాంకు చూడండి. అదీ ఏయూ (ఆంధ్రా యూనివర్సిటీ) లోకల్ ప్రాంతంలో, మీ కేటగిరీలో, మీ బాబు కంటే ముందున్నవాళ్లలో ఇంకా ఎక్కడా చేరనివాళ్లు ఎంతమందో చూడండి. కౌన్సెలింగ్ నడిపే హెల్త్ యూనివర్సిటీ పెట్టే మెరిట్ లిస్టు, అలాట్‌మెంట్ లిస్టు ముందు పెట్టుకుని కూర్చుంటే ఒక పూట పని. దీనికి వేలకు వేలు తీసుకునే కన్సల్టెంట్లు ఉన్నారు. వాళ్లు చూసేదీ ఆ లిస్టులే.

ఇక మా మేనకోడలి సంగతి. అన్నయ్య స్టీల్‌ప్లాంట్‌లో కాంట్రాక్టు పని చేస్తాడు. రెండో రౌండు అయ్యేసరికి చుట్టాలందరూ తలో సలహా ఇచ్చారు. ఏడాది ఖాళీగా ఇంట్లో కూర్చోబెడతావా అని వదినని నిలదీశారు. సరేలెమ్మని ఊళ్లోనే ఒక డిగ్రీ కాలేజీలో బీఎస్సీలో చేర్చారు. అక్కడ టీసీ, ఇంటర్ మెమో, అన్నీ ఒరిజినల్సే తీసుకున్నారు. పిల్ల మాత్రం ఒక్క రౌండు కూడా వదల్లేదు. క్లాసుకి వెళ్తూనే ప్రతిసారీ ఆప్షన్లు పెట్టింది, పాడేరు నుంచి అనంతపురం దాకా ఏ కాలేజీనీ వదలకుండా.

ఆఖరి రౌండు అలాట్‌మెంట్ సాయంత్రం పూట వచ్చింది. అన్నయ్య బి షిఫ్టులో ఉన్నాడు, ఫోన్ ఎత్తే వీల్లేదు. నాకు ఫోన్ చేసి "అత్తా, వచ్చింది" అంది, ఇంకేం మాట్లాడలేకపోయింది. పక్క జిల్లాలో ప్రైవేటు కాలేజీ, కన్వీనర్ కోటా. మర్నాడు సాయంత్రంలోగా రిపోర్ట్ చేయాలి. యూనివర్సిటీ ఫీజు ఆన్‌లైన్‌లో కడితేగానీ అలాట్‌మెంట్ లెటర్ డౌన్‌లోడ్ కాదు, అది రాత్రే నా కార్డుతో కట్టేశాం. ఇక మిగిలింది ఒరిజినల్స్.

పొద్దున్నే డిగ్రీ కాలేజీ గేటు తీసే వేళకి ఇద్దరం అక్కడున్నాం. ఆఫీసులో క్లర్కు గారు ఫైలు నుంచి తలెత్తకుండానే "ప్రిన్సిపాల్ సారు ఊళ్లో లేరు, సోమవారం రండి" అన్నారు. సోమవారానికి సీటు ఉండదండీ అంటే, "అయితే మూడేళ్ల ఫీజు కట్టి తీసుకెళ్లండి, రూలు అదే" అన్నారు. మా పిల్ల మొహం పాలిపోయింది. మూడేళ్ల ఫీజు అంటే అన్నయ్య అప్పు చేయాలి, అదీ ఆ పూటకే.

అలాంటి రూలు ఏదీ లేదు. 2018 అక్టోబరులో యూజీసీ స్పష్టంగా చెప్పింది, ఒరిజినల్ సర్టిఫికెట్లు విద్యార్థి ఎదుటే సరిచూసి వెంటనే తిరిగి ఇచ్చేయాలి, కాలేజీ తన దగ్గర అట్టిపెట్టుకోకూడదు అని. ఆ కాగితం నేను రాత్రే ప్రింట్ తీసి, ఆ వాక్యాల కింద ఎర్ర పెన్నుతో గీత గీసి పట్టుకెళ్లాను. అరవలేదు, బతిమాలలేదు. "ఇది చదివి, ఇవ్వను అని దీని మీదే రాసి సంతకం పెట్టండి, చాలు" అన్నాను. ఆయన చదివారు. లోపలికి తీసుకెళ్లారు. చాలాసేపు రాలేదు. వచ్చాక ఇంకేం మాట్లాడకుండా బీరువా తాళాల గుత్తి తీశారు.

పచ్చరంగు ఇనప బీరువా. అందులో దారాలు కట్టిన కవర్ల దొంతరలు, ఒక్కో కవరు మీద ఒక్కో పిల్ల పేరు, సెల్ నంబరు. మా అమ్మాయి తన చేతిరాత గుర్తుపట్టి "అదే సార్, కింద నుంచి మూడోది" అంది. టీసీ పుస్తకంలో కార్బన్ పేపరు పెట్టి రాస్తూ, వెళ్లిపోవడానికి కారణం అన్న గడి దగ్గర ఆయన ఆగి చూశారు. మా పిల్ల "మెడిసిన్‌లో సీటొచ్చింది సార్" అంది. అదే రాశారు. స్టాంపు వేయబోతే ప్యాడ్ ఎండిపోయి ఉంది. అటెండరు గ్లాసులోంచి నాలుగు చుక్కలు నీళ్లు చల్లి వేలితో రుద్దాడు. మొదట వేసినప్పుడు సగమే పడింది, రెండోసారి గట్టిగా అదిమితే పడింది. నేను గడియారం వంకే చూస్తున్నాను.

మద్దిలపాలెం వచ్చి హైవే మీద దొరికిన బస్సు ఎక్కాం. అన్నయ్య రాత్రి పొద్దుపోయాక బి షిఫ్టు దిగి సరిగ్గా నిద్ర కూడా లేకుండా నేరుగా అక్కడికే వచ్చాడు. మెడికల్ కాలేజీలో ఆరు నుంచి పది దాకా స్టడీ సర్టిఫికెట్లు, కుల ధ్రువీకరణ పత్రం, మెమోలు, టీసీ అన్నీ ఒక్కొక్కటిగా చూసి చేర్చుకున్నారు. పెద్దగా చెప్పుకునేదేం లేదు, కాగితాలు చేతిలో ఉంటే అదో గంట పని.

కానీ మేం అక్కడ ఉండగానే ఒక తండ్రి, కొడుకు వచ్చారు. నరసన్నపేట దగ్గర ఊరట. పిల్లాణ్ణి గుంటూరు వైపు ఒక కోచింగ్ హాస్టల్లో లాంగ్ టర్మ్‌కి చేర్చి, ఒరిజినల్స్ అక్కడే ఇచ్చారు. హాస్టల్ వాళ్లు మిగతా ఫీజు కడితేనే ఇస్తామన్నారట. ఆయన ఫోన్‌లో వాళ్లని "బాబూ, ఫొటో అయినా పంపండి బాబూ, మీకు దండం పెడతాను" అంటున్నాడు. కౌంటర్‌లో ఉన్నావిడ ఫొటో చెల్లదని మెల్లగానే చెప్పింది. పిల్లాడు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. వాడికి సీటు వచ్చింది! ర్యాంకు చాలింది! నాకు ఇప్పటికీ ఆ కోచింగ్ వాళ్ల మీద కోపం పోదు. చదువు చెప్పేవాళ్లకి పిల్లల సర్టిఫికెట్లతో పనేమిటి? వాళ్లు నడిపేది ప్రైవేటు కోచింగు, అడ్మిషన్‌కి జిరాక్సు చాలు. ఒరిజినల్ అడిగిన చోట చేర్చకండి. తప్పక చేర్చాల్సి వస్తే మొదటి విడత డబ్బు మాత్రమే కట్టి, స్ట్రే రౌండు అయ్యేదాకా ఆగండి.

ఇప్పుడు మీరు అడగనిది ఒకటి చెప్తాను, ఎందుకంటే ఏటా మా బ్రాంచిలో ఇదే చూస్తున్నాను. అలాట్‌మెంట్ వచ్చాక పరుగెత్తుకొచ్చి, బి కేటగిరీ (మేనేజ్‌మెంట్ కోటా) సీటు, రేపటికి లోన్ కావాలంటారు. మేడమ్, మీరు ఎలాగైనా చూడండి అని కళ్లనీళ్లు పెట్టుకుంటారు. ఏడున్నర లక్షల దాకా గ్యారంటీ పథకం కింద తాకట్టు లేకుండా ఇవ్వచ్చు. అది దాటితే మామూలుగా ఆస్తి పెట్టాలి. ఆస్తి అంటే దస్తావేజులు, ఈసీ, లాయరు ఒపీనియన్, ఇంజనీరు విలువ కట్టడం. అది ఒక్కరోజులో అయ్యే పని కాదు, మేం ఎంత కష్టపడ్డా కాదు. బి కేటగిరీ ఫీజు ఏడాదికే పది లక్షలు దాటుతుంది, అలా కోర్సు మొత్తానికీ లెక్క వేసుకోండి. ఆప్షన్ పెట్టకముందే బ్యాంకుకి రండి. ఎంత వస్తుందో, ఏం కావాలో కనుక్కుని, కట్టగలం అనుకుంటేనే ఆ కాలేజీ పేరు పెట్టండి.

కట్టలేమని తెలిసీ "ముందు రానీ, తర్వాత చూద్దాం" అని పెట్టేవాళ్లు ఉన్నారే, వాళ్లతో నాకు అసలు పేచీ. మీరు చేరని సీటు గాల్లోకి పోదు. మీ వెనకే ఉన్న ఇంకో పిల్ల ఆ రౌండులో సీటు లేకుండా మిగిలిపోతుంది. ఆఖరి రౌండు అయితే ఆ సీటు ఆ ఏటికి ఎవరికీ కాకుండా పోయినా పోతుంది. ఆలిండియా కౌన్సెలింగ్ నడిపే ఎంసీసీ (మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ) వాళ్లు తమ స్ట్రే రౌండులో అలాటై చేరనివాళ్ల డిపాజిట్ జప్తు చేసి, మరుసటి ఏడాది నీట్ రాయనివ్వమంటున్నారు. చాలామంది దీన్ని అన్యాయం అంటారు. నాకు న్యాయమే అనిపిస్తుంది. ఒక్క ఎంబీబీఎస్ సీటు కోసం పిల్లలు పండగలూ పెళ్లిళ్లూ మానుకుని చదువుతుంటే, సరదాకి పేరు పెట్టి వదిలేయడం ఏం మర్యాద?

మీ బాబు విషయానికి వస్తే, ఈ రాత్రే కూర్చుని మెరిట్ లిస్టులో అతని కేటగిరీ, ఏయూ లోకల్ చూడండి. టీసీ, స్టడీ సర్టిఫికెట్లు, కుల పత్రం లేదా ఈడబ్ల్యూఎస్ పత్రం ఒక్క ఫైల్లో పెట్టి ఇంట్లోనే ఉంచండి. ఈడబ్ల్యూఎస్ అయితే తేదీ చూసుకోండి, పాతది చెల్లదు. మూడో రౌండుకి ఆప్షన్లు పెట్టేటప్పుడు నిజంగా చేరగలిగిన కాలేజీలన్నీ పెట్టండి, నంద్యాల అయినా సరే, మచిలీపట్నం అయినా సరే. 2023లో మొదలైన విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాల కాలేజీల్ని "కొత్తవి కదా" అని చాలామంది కింద పెడతారు. అవి ప్రభుత్వ కాలేజీలే, మీరు పైకి పెట్టుకోండి. కాకపోతే వాటిలోనూ ఎక్కువ ఫీజుండే సెల్ఫ్ ఫైనాన్స్ సీట్లున్నాయి, ఏ సీటుకి ఎంత ఫీజో చూసుకుని మరీ పెట్టండి. ఫోన్‌కి వచ్చే మెసేజ్ మీదే ఆధారపడకుండా అలాట్‌మెంట్ ఇచ్చే రోజున యూనివర్సిటీ సైటు మీరే తెరిచి చూస్తూ ఉండండి.

లోన్ సంగతి ఏమైనా అడగాలంటే కింద కామెంట్లో రాయండి. కేటగిరీ, ఫీజు, ఆస్తి ఎవరి పేరు మీద ఉందో చెప్తే ఏ కాగితాలు ముందుగా తెచ్చుకోవాలో రాస్తాను.