ఇంగ్లాండు కాలువల్లో నారోబోట్‌ను భార్యాభర్తలిద్దరే నడపగలరా?

నిస్సందేహంగా నడపగలరు. నారోబోట్ అంటే ఇరుకు కాలువలకు తగ్గట్టు కట్టిన సన్నని, పొడవాటి పడవ. వేగ పరిమితి గంటకు 4 మైళ్ళే కనుక చుక్కాని పట్టడం త్వరగానే అలవాటవుతుంది. విహారానికి అద్దెకు తీసుకునేవారికి లైసెన్సు పరీక్ష కూడా ఉండదు.

అసలు శ్రమ లాకుల దగ్గరే, అంటే నీటిమట్టం మారేచోట పడవను పైకెత్తే లేదా కిందికి దించే గేట్ల గదుల దగ్గరే. గోదావరి డెల్టా కాలువల లాకులను చూసినవారికి సూత్రం తెలిసినదే: ఒకరు ఒడ్డున విండ్లాస్ అనే ఇనుప పిడితో తూము తలుపులను ఎత్తి, నీటిమట్టాలు సమానమయ్యాక గేటును నెట్టి తెరిస్తే, మరొకరు సుమారు 7 అడుగుల వెడల్పున్న లాకులోకి 6 అడుగుల 10 అంగుళాల పడవను నెమ్మదిగా పోనిస్తారు. దిగువకు వెళ్ళేటప్పుడు మాత్రం, ఎగువ గేటు కింద ముందుకు పొడుచుకు వచ్చిన గట్టుపై పడవ వెనుక భాగం చిక్కుకుంటే నీరు తగ్గేకొద్దీ ముందుభాగం వంగి పడవే మునిగిపోవచ్చు కాబట్టి, పడవ లాకు గోడపై ఆ గట్టు హద్దును చూపే గుర్తును దాటి ముందుకు ఉందో లేదో ఇద్దరూ గమనిస్తూ, అనుమానం కలిగిన క్షణమే తూములు మూసేయాలి. ఇందులో మొహమాటం వద్దు.

మైళ్ళ సంఖ్యకు లాకుల సంఖ్యను కలిపి 3తో భాగిస్తే ప్రయాణానికి పట్టే గంటలు ఉజ్జాయింపుగా తెలుస్తాయి. వూస్టర్-బర్మింగ్‌హామ్ కాలువపై ఉన్న టార్డెబిగ్‌ అనే చోట వరుసగా 30 లాకులున్నాయి. తొలి ప్రయాణానికి ఆ దారిని ఎంచుకోకండి.