టెర్బినఫిన్ మూడు నెలలు వాడినా తామర ఎందుకు తగ్గడం లేదు?

మీ ఇద్దరికీ తామర ఉందని, ఫంగస్‌ను చంపే మందు టెర్బినఫిన్ మూడు నెలలు వేసుకున్నా పోలేదని, మందు నకిలీదేమోనని అడిగారు. మాకూ మొదట అదే అనుమానం వచ్చింది. కానీ మా ఇంట్లో మందు అసలుదే, ఫంగస్సే దానికి లొంగనిది.

మాది విశాఖలో గాజువాక. నాది మందపాటి యూనిఫాం వేసుకుని చేసే పని. ఉదయం తొమ్మిదికే బట్టలు చెమటతో తడిసిపోతాయి. నడుం చుట్టూ తామర మొదలైతే మందుల షాపులో ఒక ట్యూబ్ ఇచ్చారు. రెండు రోజుల్లో దురద పోయింది. ఆపితే వారంలో రెట్టింపై వచ్చింది. మళ్లీ ట్యూబ్. ఇలా ఐదు నెలలు. అందులో క్లోబెటసాల్ అనే గట్టి స్టెరాయిడ్ ఉంది. అది దురదను, ఎరుపును అణుస్తుంది, దాంతోపాటు చర్మం చేసే పోరాటాన్నీ అణుస్తుంది. ఫంగస్ మాత్రం పాకుతూనే ఉంటుంది. గజ్జల్లో చర్మం పలచబడి చారలు పడ్డాయి, ఇప్పటికీ పోలేదు. ఇలాంటి క్రీములు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్రం నిబంధన పెట్టింది. అయినా అడిగితే చాలు, చేతిలో పెడుతున్నారు. తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది.

తర్వాత స్కిన్ డాక్టరమ్మ చర్మాన్ని కాస్త గీకి, ఫంగస్ ఉందో లేదో మైక్రోస్కోపులో చూసే కేఓహెచ్ పరీక్ష చేశారు, ఫంగస్‌ను ల్యాబులో పెంచి చూసే కల్చర్‌కు కూడా పంపారు. కల్చర్‌కు వారాలు పడుతుంది, ఓపిక పట్టాలి. ఫంగస్ తన పైపొర కట్టుకోవడానికి వాడే ఒక ఎంజైమును టెర్బినఫిన్ ఆపుతుందట. మన దేశంలో బాగా వ్యాపించిన ట్రైకోఫైటాన్ ఇండోటినియే రకంలో చాలామంది రోగుల్లో ఆ ఎంజైము జన్యువు మారిపోయి ఉంటుంది, అందుకే మందు దాన్ని పట్టుకోలేదు.

అందుకే నాకు టెర్బినఫిన్ నుంచి ఇట్రాకొనజోల్ అనే మరో ఫంగస్ మందుకు మార్చారు. క్యాప్సూల్ అన్నం తిన్న వెంటనే వేసుకోవాలి. నేను రోజూ వేసుకునే గ్యాస్ మాత్ర వల్ల అది సరిగా ఒంటబట్టదని ఆ మాత్ర ఆపించారు. గుండె జబ్బు, కాలేయ సమస్య ఉన్నా, వేరే మాత్రలు వాడుతున్నా ముందే చెప్పాలి. దీన్ని కూడా సొంతంగా కొని వాడకండి.

నాకు పది వారాలు పట్టింది. అమ్మకూ, పాపకూ అంటుకుంది కాబట్టి అందరికీ ఒకేసారి వైద్యం చేయించాం. తువ్వాళ్లు వేరు చేశాం. వానాకాలంలో మన దగ్గర లోదుస్తులు ఆరవు, అందుకే ఇస్త్రీ చేసి వేసుకున్నాం.

మీరు కూడా ట్యూబ్ ఏదైనా వాడుతుంటే, ముందు దాని మీద పేర్లు చదవండి. క్లోబెటసాల్, బీటామెథసోన్ లాంటి స్టెరాయిడ్లు ఉంటే ఆ ట్యూబ్ తీసుకుని ఈ వారమే స్కిన్ డాక్టరు దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్లండి.